పరదా బయటి ప్రశ్న

గౌను వీపు కలవలేదు.

సీతారత్నం జిప్పు పట్టుకుని పైకి లాగింది. నడుము దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఇంకోసారి లాగింది. పెళ్లికూతురు ఎస్తేరు గోడ పట్టుకుని, పొట్ట లోపలికి లాక్కుని నిలబడింది. అయినా ఈ అంచుకీ ఆ అంచుకీ మధ్య మూడు వేళ్ల సందు అలాగే ఉంది. పెళ్లి బుధవారం. ఇవాళ శనివారం.

నరసాపురంలో జిలానీ మాస్టారి కుట్టు కొట్టులో జరిగిన సంగతి ఇది. చుట్టుపక్కల ఊళ్లలో చర్చి పెళ్లి ఏది జరిగినా తెల్ల గౌను ఆయన చేతిమీదుగా వెళ్లాల్సిందే. సీతారత్నం ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటోంది. చెయ్యి మంచిది, చూపు మంచిది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అదే వచ్చిన చిక్కు. ఈ గౌను మొత్తం నేనే చేస్తానని మాస్టారిని అడిగి మరీ తీసుకుంది.

పెళ్లికొడుకు అక్క సువార్తమ్మ కూడా పరదా లోపలే స్టూలు మీద కూర్చుని ఉంది. గౌను పెట్టేది మగపెళ్లివారు గనక, ఎలా ఉందో చూసి వెళదామని వచ్చింది.

"ఏమైందమ్మా, పట్టలేదా?" అంది.

సీతారత్నానికి చెమట పట్టింది. "కొలతలు సరిగ్గానే ఉన్నాయండీ, నేనే రాశాను. ఈ మూడు వారాల్లో అమ్మాయిగారు కాస్త ఒళ్లు చేశారు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దవాళ్లు ఊరికే అన్నారా! ఎస్తేరు ముఖం చిన్నబోయింది. "అవునేమోనండీ. చుట్టాలందరూ భోజనాలకి పిలుస్తున్నారు కదా" అంది తల దించుకుని.

సువార్తమ్మ నవ్వేసింది. "నాలుగు రోజులు నోరు కట్టుకో తల్లీ, అదే పడుతుంది." చెడ్డ మనిషి కాదు, హాస్యానికే అంది. కానీ ఎస్తేరు నవ్వలేదు.

పరదా బయట మిషను ఆగింది. మాస్టారు అంతా విన్నారు. "సోమవారం పొద్దున రండమ్మా. గౌను పడుతుంది" అన్నారు.

ఇక్కడ మాస్టారి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఆయన ఆడపిల్లల ఒంటి మీద టేపు వేయరు. పూర్వం ఆయన భార్య కొలిచేది. ఆవిడకి చూపు తగ్గాక సీతారత్నం కొలుస్తోంది. పరదా లోపల ఈమె టేపు చుడుతుంటే, బయట మిషను దగ్గర కూర్చుని ఆయన అడుగుతారు, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని. ఆ పిల్ల ఇడ్లీ అనో చద్దన్నం అనో చెబుతుంది. ఏం పచ్చడి అంటారు. ఎవరు నూరారు అంటారు. ఇదంతా అయ్యాకే, "ఇప్పుడు చూడు రత్నం, ఎంతుంది?" అంటారు.

ఆరేళ్లుగా ఈ పచ్చళ్ల పురాణం విని విని సీతారత్నానికి విసుగొచ్చింది. ముసలాయన ఊసుపోక అడుగుతున్నారనుకుంది. ఎస్తేరు కొలతలకి వచ్చింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. మాస్టారు నమాజుకి వెళ్లారు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా అనుకుని తనే టేపు తీసింది. ఏమీ అడగలేదు. ఆ పిల్లా ఏమీ మాట్లాడలేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంత చిన్న పనికా అంత పురాణం అని లోపల మురిసిపోయింది కూడా.

అక్కడితో ఆగినా బాగుండేది. మాస్టారు ఏ బట్ట కుట్టినా లోపల అంగుళమున్నర గుడ్డ వదులుతారు, రేపు విప్పుకోవాల్సి వస్తే ఉంటుందని. శాటిన్ గౌనులో ఆ మడత ముద్దగా కనపడిందని సీతారత్నం కుట్టు పక్కనుంచి నున్నగా కత్తిరించేసింది. లోపలివైపు కూడా బయటివైపంత అందంగా ఉండాలని ఆమె ముచ్చట. ఇప్పుడు విప్పి వదులు చేద్దామంటే లోపల గుడ్డే లేదు.

వాళ్లు వెళ్లిపోయాక సీతారత్నం మాస్టారి దగ్గరికొచ్చి నిలబడింది. "ఆ అమ్మాయి నిజంగానే ఒళ్లు చేసింది మాస్టారూ." అడగకుండానే రెండోసారి ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియాలి.

మాస్టారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "టేపు నీ నడుముకి చుట్టుకో" అన్నారు.

చుట్టుకుంది. ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నారు. ఆరేళ్లలో ఎప్పుడూ అలా చూసింది లేదు.

"ఎంతుంది?"

"ఇరవై తొమ్మిది."

"టేపు అలాగే పట్టుకో. బయట ఎండ మండిపోతోంది, ఆ పిల్ల చేతిలో గొడుగుందా?"

"లేదండీ. సువార్తమ్మగారి గొడుగులోనే వెళ్లింది. ఆవిడ చరచరా ముందు నడుస్తుంటే, ఈ పిల్ల వెనకపడి సగం ఎండలోనే..."

"ఇప్పుడెంతుంది?"

సీతారత్నం కిందికి చూసింది. టేపు వేళ్ల మధ్య నుంచి జారింది. ముప్పై ఒకటి దాటింది.

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని మిషను తొక్కడం మొదలుపెట్టారు.

సీతారత్నానికి తల కొట్టేసినట్టయింది. కొత్త మనిషి చేతులు నడుము చుట్టూ పడితే ఏ ఆడపిల్లయినా సిగ్గుతో ఊపిరి బిగబట్టదా! ఆ బిగబట్టిన ఊపిరినే తను కొలిచి రాసుకుంది. పోనీ, కొలత తప్పడం ఒక ఎత్తు. ఆ తప్పుని తీసుకెళ్లి ఆ పిల్ల ఒంటికి అంటగట్టింది, అదీ ఆడపడుచు ముందు. సాయంత్రం దాకా మాస్టారి వైపు తలెత్తి చూడలేకపోయింది.

చీకటి పడబోతుండగా ఆయనే అడిగారు. "కత్తిరించిన పీలికలేవి?"

దిండ్లలో కూరడానికి వేరే బుట్టలో వేసి ఉన్నాయి. సీతారత్నం నేల మీద కూర్చుని ఆ ముక్కల్లోంచి తెల్ల శాటిన్ పీలికలన్నీ ఏరింది. ఒక్కొక్కటీ చేత్తో సాపు చేసింది.

మాస్టారు జిప్పు ఊడదీశారు. ఒక పీలికని మడిచి, సన్నని గొట్టంలా కుట్టి, వీపు అంచున చిన్న ఉంగరంలా బిగించి చూపించారు. మిగతావి ఆమెకి వదిలేశారు. ఆదివారమంతా సీతారత్నం అదే పని. రెండు అంచుల వెంట పదేసి ఉంగరాలు, వాటిలోంచి అటూ ఇటూ దూర్చడానికి పొడుగాటి తాడు, సందులో ఒళ్లు కనపడకుండా వెనక ఒక శాటిన్ పట్టీ. ఆ పట్టీ లోపల అంగుళమున్నర గుడ్డ వదిలింది.

పని ముగించి, దారం కొరికి, మెల్లగా అంది. "రేపు వాళ్లొచ్చినప్పుడు మీరే చెప్పండి మాస్టారూ, కొలతలో తేడా వచ్చిందని."

"ఆ రోజు నేను నమాజులో ఉన్నాను కదమ్మా" అన్నారాయన.

సోమవారం పొద్దున వాళ్లిద్దరూ వచ్చారు. ఎస్తేరు ముఖం పీక్కుపోయి ఉంది. గౌను వేసుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. సీతారత్నం కింద నుంచి ఒక్కో ఉంగరంలోకి తాడు దూర్చి బిగిస్తూ పైకి వచ్చింది. గౌను పట్టింది.

"ఎంత బాగుందే!" అంది సువార్తమ్మ. "మా ఇళ్లలో ఎవరి గౌనుకీ ఈ తాళ్ల ఫ్యాషను లేదు. ఇంకాస్త బిగించమ్మా. పిల్ల ఒళ్లు చేసినా మన మంచికే వచ్చింది."

చూశారా, దేవుడు దారి చూపించినట్టే ఉంది. నోరు మూసుకుని ముడి వేసేస్తే చాలు, తప్పు ఫ్యాషనైపోతుంది. పని బాగుందని పేరు కూడా వస్తుంది. సీతారత్నం తాడు కొసలు పట్టుకుని అలాగే నిలబడింది. పరదా బయట మిషను చప్పుడు లేదు. మాస్టారు ఈసారి ఏమీ అడగలేదు.

సీతారత్నం గొంతు సవరించుకుంది. "పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఏం తినలేదండీ."

"నిన్న?"

"మజ్జిగ తాగాను. శనివారం నుంచీ అదే." ఎస్తేరు వెనక్కి తిరక్కుండానే నవ్వబోయింది. "పోనీలెండి, గౌను పట్టింది కదా."

సీతారత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు ఒళ్లు చేయలేదు తల్లీ. కొలత నేను తప్పు తీశాను. లోపల వదలాల్సిన గుడ్డా నేనే కోసేశాను. అడిగితే నీ మీదికి తోసేశాను. ఇది ఫ్యాషను కాదు సువార్తమ్మగారూ, నా తప్పుకి కట్టిన కట్టు."

సువార్తమ్మ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. "నేనూ నోరు కట్టుకోమన్నాను దాన్ని" అంది, తనలో తను అనుకున్నట్టు.

"నిజంగా ఒళ్లు చేయలేదా?" అంది ఎస్తేరు.

"లేదు తల్లీ."

ఎస్తేరు ఊపిరి వదిలింది. మూడు వారాలుగా బిగబట్టి ఉంచిందంతా వదిలినట్టుంది, వీపు మీద తాళ్లన్నీ ఒక్కసారిగా బిర్రబిగిశాయి.

పరదా కింద నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. మాస్టారి మధ్యాహ్నం క్యారేజీ నేల మీద పెట్టి వెనక్కి వెళ్లింది.

"తిన్నాక కట్టు, రత్నం."

సీతారత్నం తాళ్లన్నీ వదులు చేసింది. ఇస్త్రీ బల్ల మీది దుప్పటి తెచ్చి ఎస్తేరు మెడ దగ్గర్నుంచి కాళ్ల దాకా కప్పి, సువార్తమ్మ లేచి ఇచ్చిన స్టూలు మీద కూర్చోబెట్టింది. క్యారేజీ సువార్తమ్మే విప్పింది, ముద్దలు కూడా ఆవిడే కలిపి పెట్టింది. సీతారత్నం వెనక నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, తాడు కొసలు రెండూ చేతిలో పట్టుకుని కాచుకుంది.

బయట మిషను మొదలైంది. మళ్లీ ఆగింది.

"ఏం కూరమ్మా పెట్టింది మా ఇంటావిడ?"

"చింతచిగురు రొయ్యలండీ" అంది ఎస్తేరు, నోట్లో ముద్దతోనే. "కాస్త ఉప్పు తగ్గింది."

సీతారత్నం అప్పుడు ముడి వేసింది.