ట్రేలో పాచి

ఆశ్రమంలో పనికుంటున్న దాలయ్యను తానే తరిమేసిన సంగతి గురువమ్మకి ఎలా చెప్పాలా అని నీలవేణి పొద్దుటి నుంచి నలిగిపోతోంది.

కొండ మీది ఆ చిన్న ఆశ్రమానికి తిండి పెట్టేది ఫెర్న్ మొక్కలే. పూలగుత్తులు కట్టేవాళ్లు ఆ ఆకుల కోసం కింది నుంచి వ్యాను పంపుతారు. కలుపుమందు చుక్క పడితే చాలు, ఫెర్న్ ఆకు మాడిపోతుంది. అందుకని వల పందిరి కింద గొంతుక్కూర్చుని చేత్తో ఏరడమే. ఆ పనిలో నీలవేణిని మించినవాళ్లు లేరు. ఆమె దాటిన మడిలో పులిచింత మొలక కూడా బతకదు. కొత్త మొక్కలు లేపే పని మాత్రం గురువమ్మే తన గదిలో చేసుకుంటుంది.

ఆ పొద్దున దాలయ్య తాగొచ్చి మళ్లీ మడుల మీద పడ్డాడు. గురువమ్మ ఊళ్లో లేదు. "నిన్ను పొమ్మంది అమ్మే" అని నీలవేణి అబద్ధమాడింది.

"నన్నూ ఏరేసినావేటి చెల్లీ" అని నవ్వబోయాడు దాలయ్య. తరవాత, "అమ్మే అందా?" అన్నాడు. వానలోకి నడిచాడు. సారాకొట్టు తప్ప కింద అతనికి మరో గుమ్మం లేదు.

మసకవేళకి గురువమ్మ వచ్చింది. నీలవేణి అంతా చెప్పేసింది, అబద్ధంతో సహా.

"ఏటి చెయ్యమంటారమ్మా? కలుపుని ఉంచితే మడంతా పాడవదా?"

గురువమ్మ తడిసిన కొంగు పిండుకుంది. గదిలోంచి ఒక ట్రే తెచ్చి ముందు పెట్టింది. మట్టి మీద పల్చగా పచ్చటి పొర పాకి ఉంది.

"ఇదీ ఏరు."

"ఇదెంతసేపమ్మా, పాచేగా!" వెదురుపుల్లతో గీకి, నల్లమట్టి తేలేదాకా శుభ్రం చేసింది.

"ఏమీ మిగల్లేదా?"

"నేను ఏరాక మిగలడమా!"

గురువమ్మ ఇంకో ట్రే తెచ్చి పక్కన పెట్టింది. అదే పాచి. గోరంత రేకులు. ఒక్కో రేకు కింద నుంచి వెంట్రుకంత కాడ లేచింది. దాని కొనలో ముడుచుకున్న ఆకు. ఫెర్న్ ఆకు.

"రెంటిలోనూ చల్లింది ఒకటే పొడి. ఫెర్న్ ఆకు వెనక నుంచి రాలేది" అంది గురువమ్మ. "ఇది ముందు చల్లాను. నువ్వు గీకింది తరవాత."

నీలవేణి గీకి పోసిన కుప్పలో వేళ్లు పెట్టింది. రేకుల్ని తీసి మట్టికి అతికించబోయింది. అవి చిరిగి వేళ్లకే అంటుకుపోయాయి.

"మళ్లీ మొలుస్తాయా అమ్మా?"

"ఏమో." గురువమ్మ చెంబు అందుకుంది. "దీనికి నీళ్లు నేను చల్లుతాను. నువ్వు సారాకొట్టు దాకా కొండ దిగు."