మేక దారిని మింగేసిన రోజు

ఒకప్పుడు మేకంత నిదానస్తురాలు ఇంకోటి లేదు. ఏ పొద దొరికితే ఆ పొద దగ్గరే నిలబడి, మోడు మిగిలేదాకా మేసేది.

ఒకరోజు పొద్దున్నే చుక్కి అనే మేకకి బుర్రలో పురుగు తొలిచింది.

"గుట్ట అవతల ఏముందంటావు, వదినా?" అని గేదె బూడిదమ్మని అడిగింది.

"నాకేం తెలుసే? పాలవేళకి దూడ దగ్గరుండాలి, అదొక్కటే తెలుసు. వాడికింకా గడ్డి కొరకడం రాదు."

"ఆలోపు వచ్చేద్దాంలే!"

"దారి నేను గుర్తుపెట్టుకుంటా," అంటూ కోడి పొట్టెమ్మ ముందు దూకింది. "రేగు పొద దగ్గర ఎడమకి. తుమ్మ పొద దగ్గర కుడికి. బలుసు పొద దగ్గర ఎక్కాలి."

కోడి వల్లిస్తూ నడిచింది. చుక్కి వెనకాలే వస్తూ, దారి పొడుగునా ఒక్క పొదనీ వదల్లేదు.

గుట్ట ఎక్కి చూస్తే ఏముంది? అవతల ఇంకో గుట్ట. దాని మీద ఎవరివో గొర్రెలు. ఇవతల ఏముందా అని అవీ ఇటే చూస్తున్నాయి!

"మరి వాటి వెనకాల?" అంది చుక్కి.

"నీ వెనకాల చూసుకో ముందు! పొదుగు చేపుకొస్తోంది, పదండే," అంది బూడిదమ్మ.

వెనక్కి తిరిగితే బలుసు లేదు, తుమ్మ లేదు. అన్నీ ఒక్కలాంటి మోడులే.

"ఒసే తిండిపోతా! నా దారంతా మింగేశావే!" అని కోడి ఎగిరెగిరి తిట్టింది.

"పొదలనుకున్నానే. దారి అనుకోలేదు," అంది చుక్కి చిన్నగా.

బూడిదమ్మ పొదుగులోంచి పాలు మట్టిలోకి బొట్టుబొట్టుగా కారిపోతున్నాయి. చుక్కి అది చూడలేకపోయింది. దగ్గరున్న మోడుని కసుక్కున కొరికి నమిలింది.

"చిరుచేదు... ఇది బలుసే! ఇక్కడ దిగాలి!"

పరుగెత్తి ఇంకో మోడు కొరికింది. "వగరు. తుమ్మ! ఎడమకి!"

ముళ్లు గుచ్చుకుని పెదవులు చీరుకుపోయాయి. అయినా ఒక్కో మోడు దగ్గర ఒక్కటే కొరుకు. రెండోసారి నమిలే తీరికేదీ? అక్కడ దూడ ఆకలితో ఉందాయె.

"జిగురు! రేగు! కుడికి, వదినా, కుడికి!"

దూడ అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. తల్లిని చూడగానే పొదుగులో మొహం దూర్చేసింది.

అప్పటినుంచే మేక ఏ పొద దగ్గరా నిలవదు. ఇక్కడో ఆకు, అక్కడో రెమ్మ కొరికి పోతూనే ఉంటుంది. మీ పెరట్లో దూరితే తోలండి, తప్పులేదు. కక్కుర్తి అని మాత్రం నోరు జారకండి. ఇంటి దారి రుచి చూసుకుంటోంది.