మద్దిలేటి మోకాలిచిప్ప

చెక్కభజన గురువు ఓబులేసును ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన నోటితో జవాబు చెప్పడం అరుదు. "ఉండు, చూద్దాం" అంటాడు. అంతే. అడిగినవాడికి ఒళ్లు మండుతుంది. ఆయనకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు.

శిష్యుడు మద్దిలేటికీ అలాగే మండింది. ఆ ఏడు తిరునాళ్లలో వాడు మొట్టమొదటిసారి ముందు వరసలో ఆడాలి. ఆ సంబరంలో ఒకరోజు సాధనలో పాదం నేలకు అదిమిపెట్టి, ఒళ్లు మాత్రం గిర్రున తిప్పాడు. మోకాలిచిప్ప పక్కకు జారిపోయింది. పాపం, వీధంతా వినపడేలా అరిచాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ కాలు మెల్లగా చాపించి చిప్పను చోటుకు చేర్చింది. ఎక్స్‌రే తీయించి, బెల్టు కట్టి, "చిప్పను చోటున పట్టి ఉంచే తొడ లోపలివైపు కండ బలపడాలి. రోజూ బిగించి వదులుతుండు. నేను చెప్పేదాకా ఆట మాటెత్తకు" అని పంపింది.

తిరునాళ్లు దగ్గరపడేసరికి మద్దిలేటి ఆగలేకపోయాడు. "చిప్ప దాని చోటికి వచ్చె గదా గురువా! ఇంకా ఈ తొడ బిగించే పని యాల? నన్ను ఆడనీ" అంటూ బెల్టు విప్పబోయాడు.

"ఉండు, చూద్దాం" అన్నాడు ఓబులేసు.

అప్పుడు జోడు తిరుగుడు సాగుతోంది. లోపలి వలయంలో ఒకడు, బయటి వలయంలో ఒకడు. ఒక చేత చెక్కలు మోగిస్తూ, రెండో చేత ఒకే తుండుగుడ్డను చెరో కొస పట్టుకుని తిరగాలి. బయట తిరిగే పుల్లన్న ప్రతి మలుపులోనూ తుండు జారి ఎక్కడికో పోతున్నాడు. నవ్వుతూ లాక్కొచ్చి నిలబెడుతున్నారు. మళ్లీ మలుపు, మళ్లీ పుల్లన్న గోడ దగ్గర! "నిలకడ లేదేందిరా నీకు!" అని అందరూ వాడినే ఆడిపోసుకుంటున్నారు.

గురువు పుల్లన్నను పల్లెత్తు మాట అనలేదు. లోపలి వలయంలో అవతలి కొస పట్టుకున్న గిడ్డయ్య దగ్గరికి నడిచాడు. కడుపునిండా సంగటి తిన్న ఆ మహానుభావుడు తుండును వేళ్లకు ఊరికే తగిలించుకుని, కళ్లు మూసి, హాయిగా తూగుతున్నాడు. గురువు వాడి చెవి పక్కన చెక్కలు ఫెళ్లున మోగించాడు. గిడ్డయ్య ఎగిరిపడి తుండును పిడికిట బిగించాడు. ఈసారి మలుపులో పుల్లన్న వలయంలోనే బొంగరంలా తిరిగాడు. ఈలలే ఈలలు!

మద్దిలేటి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే తన తొడవంక చూసుకుని, బెల్టు మళ్లీ బిగించి, కాలు చాపుకుని కూర్చున్నాడు. "ఈ తిరునాళ్లకు పాట నేనందుకుంటా గురువా" అన్నాడు.

ఓబులేసు మురిసిపోయి వాడి భుజం చరిచాడు.

"మా గిడ్డయ్య లేచినాడు. నీ గిడ్డయ్యను నువ్వే లేపుకోవాల."