మల్లెమొక్క, నందివర్ధనం, ఆకలిగొన్న మేక

వెనకటికి మణికేతుడని ఒక రాజుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పేవాడు, రెండోవాడు గుర్రాన్ని ఉరికించేవాడు, మూడోవాడు సువర్మ తోటమాలి పెళ్ళాం పక్కన కూచుని పూలు కట్టేవాడు. అన్నలు వాణ్ణి పూలమ్మా అని పిలిచేవాళ్ళు.

ఇలా ఉండగా, సువర్మకి ఇస్తామన్న రాకుమారి హేమలేఖని ధూమకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ముందు అన్నలిద్దరూ వెళ్ళారు. వాడి ప్రాణం చిలకలో ఉంటుందని కనపడిన చిలకనల్లా పట్టారు. వాడు ఇద్దర్నీ గుమ్మడికాయలు చేసి అటకెక్కించాడు.

అప్పుడు సువర్మ తన మాటలమేకని వెంటబెట్టుకుని ఏడు సముద్రాలు దాటాడు. ప్రతి సముద్రం దగ్గరా మేక, "బాబూ, ఇదే ఆఖరిదా?" అని అడిగేది.

మాంత్రికుడు సువర్మని తన ఇంటి పెరట్లోకి తీసుకెళ్ళాడు. చిలకలో పెడితే వచ్చిన ప్రతివాడూ దాని మెడ పిసుకుతున్నాడని, ప్రాణాన్ని మొక్కలోకి మార్చుకున్నాడట. అక్కడ రెండు మొక్కలున్నాయి. ఒకటి వాడి ప్రాణం, ఒకటి హేమలేఖ.

"ఒకటి పీకు. తప్పు పీకావో, పిల్ల చస్తుంది. మూడో గుమ్మడికాయవి నువ్వేరా."

ఆనవాలు దొరక్కుండా పూలన్నీ ముందే కోసేశాడు. సువర్మ చెరో ఆకు తుంచి చూశాడు. ఒకదానికి పాలు కారాయి, రెండోదానికి కారలేదు. అది నందివర్ధనం, ఇది మల్లె. అంతవరకూ తెలిసింది. మరి హేమలేఖ ఏది?

మేకకి ఆకలిగా ఉంది, కాస్త మేయనిమ్మని అడిగాడు. మేసుకోమన్నాడు మాంత్రికుడు.

మేక పాలమొక్కని వాసన చూసి తుమ్మింది. మల్లె దగ్గరికెళ్ళి ఆకంతా దూసేసింది. మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. సువర్మ వాడి నవ్వు చూశాడు. తన ప్రాణాన్ని మేక మేస్తుంటే ఎవడైనా నవ్వుతాడా? పైగా ఆకు దూస్తేనే మల్లె విరగబూస్తుందని తోటమాలి పెళ్ళాం ఎన్నిసార్లు చెప్పలేదు? నందివర్ధనాన్ని వేళ్ళతో సహా పెకిలించాడు.

నవ్వు నోట్లో ఉండగానే మాంత్రికుడు కూలిపోయాడు. అటక మీంచి గుమ్మడికాయలు దొర్లిపడి అన్నలయ్యాయి. మల్లెమొక్క హేమలేఖ అయింది. నెత్తిన మాత్రం బెత్తెడు జుట్టయినా లేదు.

"నీ మేకకి నేనే దొరికానా?" అంది.

"ఆర్నెల్లు ఆగు. ఒకటికి రెండింతలు వస్తుంది," అన్నాడు సువర్మ.

పెళ్ళి ఆర్నెల్లు వాయిదా పడింది. మోకాళ్ళదాకా జడ దిగాక, ఏడూళ్ళ జనం చూస్తుండగా జరిగింది. ఇద్దరూ అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలారు. మేక ఎదురొస్తే మాత్రం మహారాణి కొంగు తీసి తలనిండా కప్పుకునేది.