పేపర్లో పడ్డ గేదె

పిచ్చేశ్వరరావు ఇంట్లో అందరూ మహా తెలివైనవాళ్ళు. కావాలంటే ఆ ఇంట్లో ఎవరినైనా అడగండి, అదే మాట చెబుతారు. వీధిలోవాళ్ళని అడిగితే వేరేగా చెబుతారనుకోండి, అది మనకెందుకు?

చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడని పిచ్చేశ్వరరావు నమ్మకం. ఓసారి బస్సులో కండక్టరు "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అన్నాడని, జరుగుతూ జరుగుతూ ముందు తలుపులోంచి దిగిపోయి, అక్కణ్ణుంచి ఇంటికి నడిచొచ్చాడు. వెలగమెరక ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు ఆయనకి బాగా గుచ్చుకుంది. "ఒక్కసారి మన ఇంటి పేరు పేపర్లో పడనీ, అప్పుడెవడు నవ్వుతాడో చూస్తా" అని పెళ్ళాం నాంచారమ్మతో రోజూ అనేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే పెద్దకూతురు హిమబిందు బడినుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నాన్నా! హైస్కూలు పిల్లలకి పేపరువాళ్ళు వ్యాసాల పోటీ పెట్టారంట. విలేకర్లలాగా ఓ వార్త రాయాలంట. ఫస్టు వస్తే ఫొటోతో సహా పేపర్లో వేస్తారంట!"

పిచ్చేశ్వరరావుకి ఒళ్ళు పులకరించింది. "ఎలా రాయాలో మాస్టారు చెప్పారా?"

"చెప్పారు. కళ్ళారా చూసిందే రాయాలంట. ఎవరి సాయమూ తీసుకోకూడదంట. జరిగేదాంట్లో మనం కలగజేసుకోకూడదంట. అక్కడున్న వాళ్ళందరినీ అడిగి వాళ్ళ మాటా రాయాలంట."

అంతే. కూతురికి అన్నం వడ్డించబోతున్న నాంచారమ్మ గరిటె వెనక్కి తీసుకుంది. "నువ్వే వడ్డించుకో తల్లీ."

"వండింది నువ్వేగా అమ్మా?"

"అవును సుమా!" అని గిన్నె కూడా లోపల పెట్టేసింది. ఇటు నాయనమ్మ బసవమ్మ మనవరాలికి ఓ జడ అల్లి రెండోది అల్లబోతోంది. ఆవిడా చేతులు తీసేసింది. తీసేసి, కాసేపు ఆలోచించి, అల్లిన జడ కూడా విప్పేసింది.

హిమబిందు జుట్టు విరబోసుకుని, ఖాళీ కడుపుతో రాయడం మొదలుపెట్టింది. "నా పేరు హిమబిందు..."

"ఆగాగు" అంది బసవమ్మ. "నీకు పేరు పెట్టడం నువ్వు చూశావుటే?"

"ఉయ్యాల్లో నిద్రపోతున్నానంట కదా నాయనమ్మా."

"మరి చూడంది ఎలా రాస్తావ్?"

నిజమే కదా. పిల్ల కొట్టేసి మళ్ళీ రాసింది. "నా పేరు హిమబిందు అని మా ఇంట్లోవాళ్ళు అంటున్నారు. పిచ్చేశ్వరరావు అనే ఒకాయన నాకు తండ్రినని చెప్పుకుంటున్నారు." అది చదివి ఆ తండ్రికి సంతోషంతో కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అంతా బాగానే ఉంది కానీ, రాయడానికి వార్త ఏది? ఊళ్ళో ఏమీ జరగడం లేదు. పిచ్చేశ్వరరావు బుర్ర గోక్కుని, పెళ్ళాన్ని పక్కకి పిలిచాడు. "మన గేదెని నేనే దొంగిలిస్తానే. అమ్మాయి చూసి రాస్తుంది."

"అది సాయం చెయ్యడం కాదుటండీ?"

"మొహానికి తువ్వాలు కట్టుకుంటాగా. నేనని దానికెలా తెలుస్తుంది?"

మర్నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యి ఊరంతా కునుకు తీసే వేళ, హిమబిందు కాగితాలతో అరుగెక్కింది. పిచ్చేశ్వరరావు గడ్డివామి చాటుకెళ్ళి తువ్వాలు ముడి వేసుకుంటున్నాడు. ఇంతలో ఎవడో ఒకడు చడీచప్పుడూ లేకుండా వచ్చి గేదె పలుపు విప్పేశాడు. ఇంకేముంది, వాడు అసలు దొంగ!

"ఒక్క నిమిషం" అంది హిమబిందు.

దొంగ కొయ్యబారిపోయాడు.

"గేదెని ఎందుకు తీసుకెళ్తున్నారు?"

"అ... అమ్ముకుందామని."

"మీ పేరు, ఊరు?"

కంగారులో వాడికి అబద్ధం తట్టలేదు. "బుల్లియ్య. చింతలమెరక, రైసుమిల్లు వెనకాల."

"ఇంతకుముందు అనుభవం ఉందాండీ?"

"మేకలు" అన్నాడు వాడు సిగ్గుపడుతూ. "నువ్వు అరవవా పాపా?"

"కలగజేసుకోకూడదండీ" అని, ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని చూస్తున్న బసవమ్మ వైపు తిరిగింది. "గేదె పోతోంది. మీకెలా ఉంది నాయనమ్మా?"

"కడుపు తరుక్కుపోతోందమ్మా. పూటకి చెంబెడు పాలిచ్చేది" అని బసవమ్మ ముక్కు చీదింది.

గడ్డివామి వెనక పిచ్చేశ్వరరావు ప్రాణం విలవిల్లాడింది. బిడ్డలా పెంచుకున్న గేదె మరి. కానీ తన ఉత్తుత్తి దొంగతనం కంటే ఇది అసలైన వార్త కదా! తువ్వాలు కొరుక్కుంటూ ఊరుకున్నాడు. గేదె వెళ్ళిపోయింది. "గేదె తిరిగి రాలేదు" అని హిమబిందు వ్యాసం ముగించి, తనే నడిచి వెళ్ళి బళ్ళో ఇచ్చొచ్చింది.

ఫస్టు ప్రైజు వచ్చింది! పేపర్లో వ్యాసం, పైన విరబోసుకున్న జుట్టుతో ఫొటో. పిచ్చేశ్వరరావు ఆ పేపరు పట్టుకుని వీధి ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగాడు. ఒక్కడూ నవ్వలేదు. మాస్టారు కూడా వచ్చి మెచ్చుకుని, వెళ్తూ వెళ్తూ ఓ మాటన్నారు. "ఇందులో ఏదైనా అబద్ధమని తేలితే మాత్రం బహుమతి వెనక్కి తీసుకుంటారండోయ్."

పేపరు చింతలమెరకలోనూ చదువుతారు కదా. మర్నాడు పొద్దున్నే బుల్లియ్య గేదెని తోలుకొచ్చి పిచ్చేశ్వరరావు కాళ్ళమీద పడ్డాడు. "బాబుగారూ, మీ గేదె మీరు తీసుకోండి. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నా. మా ఆవిడైతే అన్నమే పెట్టట్లేదు."

గేదె అంబా అంది. ఇంటి దగ్గరే ఉండిపోయిన దాని దూడ గంతులేసుకుంటూ తల్లి దగ్గరకొచ్చింది. పిచ్చేశ్వరరావు గుండె కరిగిపోయింది. గేదె మెడ నిమరబోయి, ఠక్కున ఆగిపోయాడు.

"అమ్మడూ, పేపర్లో చివర ఏం రాశావ్?"

"గేదె తిరిగి రాలేదని నాన్నా."

"మరిది వచ్చేసిందే!"

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు. గేదెని బయటికి పంపెయ్యాలని బసవమ్మ ముందునుంచి నెట్టింది, నాంచారమ్మ పలుపు పట్టి లాగింది. అది చూసి బుల్లియ్య హడలిపోయి కాళ్ళకి బుద్ధి చెప్పాడు. పిచ్చేశ్వరరావు గేదెని తోలుకుంటూ వాడి వెనకే పడ్డాడు. "బాబ్బాబు! నీ గేదె! నీ గేదె!"

ఊరి పొలిమేరలో వాణ్ణి పట్టుకుని, బతిమాలి, పలుపు చేతికి చుట్టి గట్టిగా ముడి వేశాడు. ఒగరుస్తూ, చేతులు జోడించి అన్నాడు. "బుల్లియ్యగారూ, దూడ కూడా ఉంది. వచ్చే ఏడు మా చిన్నది హైస్కూలుకొస్తుంది. పోటీ పెట్టగానే కబురు పంపిస్తా, కాస్త మధ్యాహ్నం వేళ రండి."