డ్రైవర్ సీట్లో ఏడుకొండలు

ఏడుకొండలుకి పని రాదని నరసరావుపేటలో ఎవరూ అనరు. అతని బాధల్లా అదే. పని వచ్చని అందరికీ తెలుసు, అయినా మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపిన ప్రతివాడూ మెడ సాచి లోపలికి చూసి, "ఉస్తాద్ లేరా?" అంటాడు.

ఎదురుగా నిలువెత్తు మనిషి పానా పట్టుకుని నిలబడి ఉంటే ఆ మాట అనడానికి నోరెలా వస్తుందో ఏడుకొండలుకి అర్థమయ్యేది కాదు. మీసాలు మొలిచిన కొత్తలో ఆ షెడ్డులో చేరినవాడు. ఇప్పుడతని కూతురు బడికి వెళుతోంది. బండి సందు మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా.

మౌలాలి ఉస్తాద్ పద్ధతి వేరు. బండి రాగానే ఆయన బానెట్ జోలికి పోడు. బండి తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి టీ చెప్తాడు. మీ వైపు వానలు పడ్డాయా అంటాడు, బావమరిది కాలు ఎలా ఉందంటాడు. ఆ కబుర్లు తెమిలేలోపు తానైతే రెండు బళ్లు పంపించేద్దునని ఏడుకొండలు పళ్లు నూరుకునేవాడు. వయసు మీద పడింది, ఏం చేస్తాం అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు.

నిజంగానే ఉస్తాద్ మోకాళ్లు అరిగిపోయాయి. కొడుకుల్లేరు. షెడ్డు ఎప్పటికైనా ఏడుకొండలుదేనని వీధివీధంతా అనుకునేదే. ఆ ఎప్పటికైనా అన్నది మాత్రం రావడం లేదు. ఒక సాయంత్రం షట్టర్ దించే వేళ ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, నాకింకా ఏం రాదో చెప్పండి. నేర్చుకుంటా."

ఉస్తాద్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "అన్నీ వచ్చుగా నీకు," అన్నాడు.

"మరి షెడ్డు నాకెప్పుడు అప్పజెప్తారు?"

అంత సూటిగా అడుగుతానని ఏడుకొండలు కూడా అనుకోలేదు. ఉస్తాద్ కోప్పడలేదు. కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"రేప్పొద్దున మొదట వచ్చే బండి నీది. నేను కుర్చీలోంచి లేవను. నేను లేవకుండా ఆ బండి కదిలిందా, తాళాలు నీవే."

ఆ రాత్రి ఏడుకొండలు నిద్రపోతే ఒట్టు. తెల్లారి పాలవాడికంటే ముందే షెడ్డు తెరిచి, ఊడ్చి, నీళ్లు చల్లి, పానాలన్నీ వరసగా పేర్చి వీధివైపు చూస్తూ నిలబడ్డాడు. లారీ వచ్చినా సరే, రోడ్డు రోలర్ వచ్చినా సరే అన్నట్టుంది వాలకం.

వచ్చింది మాత్రం కేకలు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ ఊపిరి బిగబట్టి, ఎర్ర బనియన్లు వేసుకున్న ఆడపిల్లల గుంపు ఒక పెద్ద తెల్లకారును తోసుకుంటూ సందులోకి మళ్లింది. స్టీరింగ్ దగ్గర ఒకావిడ కళ్లింత చేసుకుని కూర్చుని ఉంది. కారుకు బంతిపూల దండ, బానెట్ నిండా పసుపు బొట్లు.

ఆవిడ శివపార్వతి, బళ్లో ఆటలు నేర్పే టీచరు. కారు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అన్నా, పదింటికి సత్తెనపల్లిలో ఆట! టైముకి లేకపోతే అవతలి జట్టు గెలిచినట్టే రాసేస్తారు. పాత కారే గానీ నాకు కొత్తది. ఇంటిదగ్గర బాగానే స్టార్టయింది. గుడి దగ్గర పూజ చేయించి..."

"అయ్యన్నీ తర్వాత మేడం. బానెట్ లాగండి," అన్నాడు ఏడుకొండలు. "తాళం తిప్పండి."

ఆవిడ తిప్పింది. లైట్లు వేస్తే వెలిగాయి, హారన్ నొక్కితే మోగింది. ఇంజిన్ మాత్రం చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా చెయ్యలేదు.

"క్లచ్ తొక్కారా?"

"తొక్కానన్నా. పూర్తిగా తొక్కే ఉంచా."

"స్టార్టర్ మోటారు పోయింది," అన్నాడు ఏడుకొండలు వెంటనే. అంటూనే ఓరకంట కుర్చీవైపు చూశాడు. ఉస్తాద్ టీ ఊదుకుంటున్నాడు.

"తోసి స్టార్ట్ చేద్దామా అన్నా? మేం తోస్తాం!" అంది జట్టులో పొడుగుపాటి పిల్ల.

"దార్లో ఆగితే మళ్లీ ఎవరు తోస్తారమ్మా? కూర్చోండి. ఇట్టే అయిపోద్ది."

టీచరు గడియారం చూసుకుంది. "పోనీ ఆటో మాట్లాడుకోమంటారా? ఇప్పుడు బయల్దేరితే అందుకుంటాం."

"ఏడుకొండలు చేతిలో బండి పెట్టి ఆటో ఎక్కుతారా మేడం?" అన్నాడు నవ్వుతూ. ఆవిడ ఆ నవ్వు నమ్మింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అతను కారు కిందికి దూరాడు. చేతులు చకచకా ఆడుతున్నాయి. అంత వేగంగా స్టార్టర్ విప్పినందుకు తనకే ఆశ్చర్యమేసింది. పైన పిల్లలు ఆట గురించి లెక్కలేస్తున్నారు, ఎవరు ముందు కూతకు వెళ్లాలో వాదులాడుకుంటున్నారు. మోటారు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, బల్లమీద పెట్టి, బ్యాటరీ తీగలు ఆనించాడు.

మోటారు గిర్రున తిరిగింది.

మళ్లీ ఆనించాడు. మళ్లీ తిరిగింది. కొత్తదానికంటే హుషారుగా తిరిగింది. దానికి ఏ రోగమూ లేదు.

"బాగైందా అన్నా?" అని అరిచారు పిల్లలు.

ఏడుకొండలు మళ్లీ కారు కిందికి దూరి మోటారు బిగించాడు. ఫ్యూజులు చూశాడు. వైర్లన్నీ తడిమాడు. మంచి బ్యాటరీ తెచ్చి తగిలించాడు. కారు ఉలకలేదు, పలకలేదు. పిల్లల వాదులాట ఎప్పుడు ఆగిపోయిందో అతను గమనించలేదు. తలెత్తి చూస్తే అందరూ కారులో ఎక్కి నోరు మూసుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఆటో ఎక్కినా అందుకోలేరు. ఆ సంగతి అతనికి తెలుసు, వాళ్లకీ తెలుసు. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి.

"తాళం పెట్టే చోటే ఏదో పోయుంటది. స్టీరింగ్ కింద అంతా విప్పాలి," అన్నాడు.

కుర్చీ కిర్రుమంది. ఉస్తాద్ లేచాడు.

ఏడుకొండలు కళ్లు మూసుకున్నాడు. తాళాలు పోయాయి. ఇన్నేళ్ల చాకిరీ ఒక్క పొద్దుటితో మట్టిలో కలిసింది.

ఉస్తాద్ మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. బానెట్ లోపలికి తొంగి కూడా చూడలేదు. దాన్ని దబ్బున మూసేశాడు.

"అమ్మా, నువ్వు కాస్త దిగి ఇటు పక్కన కూర్చో. కొండలూ, నువ్వక్కడ కూర్చో."

"బానెట్ మూస్తే ఎట్టా ఉస్తాద్? ఇంకా..."

"కూర్చో."

"బట్టల నిండా గ్రీజు..."

ఉస్తాద్ తలుపు తీసి పట్టుకున్నాడు. ఏడుకొండలు కూర్చున్నాడు. టీచరు పొట్టి మనిషి, సీటు బాగా ముందుకి జరిపి ఉంది. అతని మోకాళ్లు స్టీరింగ్‌కి తగిలాయి. తలెత్తితే ఎదురుగా అద్దంలో వెనక కూర్చున్న పిల్లలంతా కనిపించారు. కూతకు ముందు వెళతానని పోట్లాడిన పొడుగుపిల్ల గోళ్లు కొరుకుతోంది. ఇంకొకతి మోకాలికి చుట్టుకున్న పట్టీ విప్పి మళ్లీ చుట్టుకుంటోంది. పొద్దుట్నించీ వాళ్లు కేకలుగానే వినపడ్డారు తప్ప, ఒక్కరి మొహమూ అతను చూడలేదు.

ఉస్తాద్ కిటికీమీదికి వంగాడు.

"ఇప్పుడు నువ్వు మెకానిక్కువి కాదు, ఈ టీచరమ్మవి. పదింటికి ఆట. వెనకాల పిల్లలున్నారు. పోనీ."

ఏడుకొండలు తాళం మీద చెయ్యి వేశాడు. ఎడమకాలు క్లచ్ మీద పెట్టి తొక్కాడు. పెడలు దిగింది. దిగి, అడుగంటకుండా ఆగింది. గట్టిగా కాదు, మెత్తగా.

మళ్లీ తొక్కాడు. మళ్లీ అదే మెత్తదనం.

ఇలాంటి కార్లకు క్లచ్ నేలదాకా తొక్కితేనే స్టార్టర్‌కి కరెంటు అందుతుంది. ఆ సంగతి అతనికి తన పేరంత బాగా తెలుసు. వంగి పెడలు కిందికి చెయ్యి పోనిచ్చాడు. ఏదో గుండ్రంగా, తడిగా తగిలింది. పైకి తీశాడు.

నిమ్మకాయ! కుంకుమ అద్ది ఉంది. ఒక పక్క నలిగి రసం కారుతోంది.

"అయ్యో రామ! పూజారిగారిచ్చింది!" అని శివపార్వతి నెత్తి కొట్టుకుంది. "అద్దం ముందు పెట్టాను, ఎప్పుడు దొర్లిందో ఏమో! నేను పూర్తిగానే తొక్కుతున్నాననుకున్నా అన్నా. వారం కిందటే నేర్చుకున్నాను, ఎంతదాకా దిగాలో నాకేం తెలుసు?"

"మీరు చెప్పింది నిజమే మేడం," అన్నాడు ఏడుకొండలు. కాలు నేలదాకా నొక్కి తాళం తిప్పాడు.

కారు గుర్రుమంటూ లేచింది! పిల్లల అరుపులకి షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. పక్క కొట్లోంచి పంచర్లవాడు పరిగెత్తుకొచ్చాడు. టీచరు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. ఏడుకొండలు సీటు దిగబోయాడు.

"దిగుతావేంది?" అన్నాడు ఉస్తాద్. "టైమెక్కడుంది? నువ్వే పోనీ."

ఇక చూడాలి ఆ కారు పోవడం! గుంటలు తప్పించి, ట్రాక్టర్లు దాటించి, ఏడుకొండలు స్టీరింగ్‌ని ఇటూ అటూ తిప్పుతుంటే, వెనక పిల్లలు "ఇటన్నా! అటన్నా! కొట్టన్నా హారన్!" అని గోల. దారంతా పొడుగుపిల్ల ఊపిరి బిగబట్టి కూత సాధన చేస్తూనే ఉంది. మైదానం దగ్గరికి వచ్చేసరికి అవతలి జట్టు గీతమీద నిలబడి ఉంది. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. కారు ఆగకముందే తలుపులు తెరుచుకుని ఎర్ర బనియన్లన్నీ ఒక్కసారే దూకాయి.

ఏడుకొండలు గ్రీజు బట్టలతోనే గీత పక్కన నిలబడి, గొంతు పోయేదాకా అరిచాడు. పిల్లలు ఆ ఆట గెలిచారు. సాయంత్రం ఇంకోటి ఉంది. అది కూడా చూసి వెళ్లమని బతిమాలారు గానీ అతను బస్సెక్కేశాడు.

దార్లో సంతోషం ఎంత ఉందో దిగులూ అంత ఉంది. ఉస్తాద్ కుర్చీలోంచి లేచాడు. మాట మాటే.

షెడ్డుకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఉస్తాద్ ఉన్నచోటే ఉన్నాడు.

"గెలిచారా?"

"గెలిచారు ఉస్తాద్." ఏడుకొండలు ఆయన ఎదురుగా గచ్చుమీద కూలబడ్డాడు. "మీకు ముందే తెలుసు గదా? ఎట్టా కనిపెట్టారు?"

"ఏది?"

"అదే, పెడలు కింద ఉందని."

"నాకేం తెలుసు?" అన్నాడు ఉస్తాద్. "నాకు తెలీదు."

"మరి నన్నక్కడ ఎందుకు కూర్చోమన్నారు?"

"తెలీదు గాబట్టే."

ఏడుకొండలు ఆయన మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు. ఆయనకు నిజంగానే తెలీదు. ఇన్నేళ్లూ టీ తాగుతూ కూర్చున్న ప్రతిసారీ, ఆయనకు నిజంగానే తెలీదు. తెలీదు గాబట్టే బండి తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించేవాడు.

ఇంతలో సందు మలుపులో ఒక ట్రాక్టరు దగ్గుతూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ వచ్చింది. ఆ చప్పుడు వింటూనే డీజిల్ పైపులో గాలి దూరిందన్న మాట ఏడుకొండలు నాలుక చివరికి వచ్చేసింది. పెదాలు కూడా కదిలాయి. మింగేశాడు. లేచి వెళ్లి, దిగుతున్న రైతుకు స్టూలు జరిపాడు.

"కూర్చో బాబాయ్. ఏమైందో చెప్పు."

రైతు స్టూలువైపు చూళ్లేదు. మెడ సాచి లోపలికి చూశాడు. ఉస్తాద్ అప్పటికే భుజంమీద తువ్వాలు వేసుకుని, చెప్పుల్లో కాళ్లు దూరుస్తున్నాడు.

"ఎక్కడికి పోతున్నావు ఉస్తాద్? నా బండి చూడవా?"

"నన్నడుగుతావేందయ్యా?" అన్నాడు మౌలాలి, వీధిలోకి నడుస్తూ. "మెకానిక్ అడుగో."