తేట నీళ్ళలో కత్తి

ఒక రాజుకి ఎవరి మీదా నమ్మకం లేదు. కన్నతల్లి పాలిచ్చినా పిల్లికి పోసి చూసిగాని తాగని రకం. వెనక ఎవరు నిలబడ్డారో కనిపెట్టడానికి కోటలో రాతికాలవ కట్టించి, దాని గట్టునే కొలువు పెట్టాడు. నీళ్ళు అద్దంలా పారేవి. ఎవరైనా విషం కలిపితే నిలవకుండా కొట్టుకుపోవాలని తూము బార్లా తెరిపించాడు కూడా. ఏం జాగ్రత్త!

ఒకనాడు తమ్ముడొచ్చి వెనక నిలబడ్డాడు. రాజు ఉలిక్కిపడి కత్తి దూశాడు. దాని మొన నీళ్ళకి తగిలి సుడి లేచింది. సుడిలో తమ్ముడి ముఖం ముక్కలైంది, ఉత్త చేతులు బాకుల్లా కనబడ్డాయి.

"వీణ్ణి చీకటికొట్లో వెయ్యండి. నీళ్ళు తేరితేనే వదిలేది. అందాకా పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దు."

"అన్నయ్యా, అన్నానికి పిలుద్దామని వచ్చాను!" అని ఏడ్చాడు పాపం.

రాణి అడ్డొచ్చింది. మరిదిని పసివాడప్పట్నించీ సాకింది ఆవిడే.

"నడిమి నీళ్ళు ఉరుకుతున్నాయి, అంచు నీళ్ళు వెనకబడుతున్నాయి. ఆ తగువే సుడికి తిండి. తూము తలుపు కాస్త దించండి, అదే మాడి చస్తుంది" అంది.

"దించాక విషం కలిపేదెవరు, నువ్వా?" అన్నాడు రాజు.

మర్నాడు పొద్దున, ఎవరూ ఏమీ చెయ్యకుండానే సుడి పోయింది. ముందురోజంతా రంకెలేసింది, ఉన్నట్టుండి మాయమైంది. రాణి పరుగున వచ్చింది.

"తేరాయి, చూడండి! పిల్లాడి నాలుక పిడచకట్టుకుపోతోంది, వదిలెయ్యండి!"

రాజు కళ్ళు చిట్లించి చూశాడు. "కారణం లేకుండా ఎట్లా పోతుంది? అడుగున నక్కి ఉంటుంది."

"మీకు దణ్ణం పెడతాను, నీళ్ళ జోలికి పోకండి!"

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! రాజు ఆవిడ చెయ్యి విదిలించుకుని, కత్తి దింపి అడుగంటా కలియబెట్టాడు. సుడి లేచింది. కాస్త దూరం పోయి రెండయింది.

"చూశావా! నే చెప్పలా?" అని ఎంత సంబరపడ్డాడో!

ఆ సంబరంలోనే మళ్ళీ నీళ్ళలోకి తొంగిచూశాడు. వెనక నిలబడ్డ రాణి ముఖం ముక్కలుముక్కలుగా ఊగుతోంది. రాజు నవ్వు ఆగిపోయింది.

"ఎవర్రా అక్కడ? పక్క కొట్టు కూడా తెరవండి" అన్నాడు.